పనస గిటారుకు లక్కర్ పట్టించిన కథ

గిటారు చెయ్యడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. దానికి మెరుపు తేవడానికి ఏడు నెలలు పట్టింది. చెక్క పనిలో తప్పు చేస్తే అప్పటికప్పుడే తెలిసిపోతుంది. లక్కర్ పనిలో, అంటే చెక్కకు మెరిసే పారదర్శకమైన పూత వేసే పనిలో, అలా కాదు. తప్పు ఇవాళ చేస్తాం, అది వారం పోయాక తీరిగ్గా వచ్చి పలకరిస్తుంది.

ముందు చెక్క సంగతి చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు మా అమ్మమ్మ గారి పెరట్లో పనస చెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయింది. మావయ్య దాన్ని మిల్లులో పలకలుగా కోయించి అటకెక్కించాడు. మంచం చేయిస్తానన్నాడు, చేయించలేదు. ఏళ్ల తరబడి నీడన ఆరిన ఆ పలకల్లో రెండు నేను అడిగి తెచ్చుకున్నాను. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేది పనస కర్రతోనే. వీణకు పనికొచ్చింది గిటారుకు పనికిరాకుండా పోతుందా అని నా లెక్క. రెండు పలకలు జిగురుతో అతికించి ఎలక్ట్రిక్ గిటారు ఆకారం కోశాను. మెడ మాత్రం తయారుగా దొరికేది కొన్నాను. ఫ్రెట్లు, అంటే మెడ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు, దిగ్గొట్టేంత ధైర్యం నాకు లేదు.

పనస చెక్క చిత్రిక పట్టగానే పసుపు కొమ్ము విరిచినట్టుంటుంది. బౌద్ధ భిక్షువుల వస్త్రాలకు రంగు అద్దింది ఈ చెట్టు చేవతోనే. వెలుతురు తగిలేకొద్దీ అది తేనె రంగుకు, తర్వాత గోధుమ రంగుకు తిరుగుతుంది. అలాంటి దాని మీద పెయింటు వెయ్యడానికి మనసొప్పలేదు. పైన పారదర్శకంగా ఏదో ఒకటి పడాలి, అంతే.

మా వీధి చివర ఫర్నిచర్ పాలిష్ చేసే మేస్త్రి ఉన్నారు. పెద్దాయన. గిటారు తిప్పి తిప్పి చూశారు.

"ఏటి బాబూ, ఈ ముక్కకి లక్కర్ ఏటండీ? పీయూ కొట్టించేస్తే రెండ్రోజుల్లో అయిపోద్ది. గీత పడదు, నీళ్లు పడినా ఏటీ అవదు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. పీయూ, అంటే పాలీయూరిథేన్ పూత, గట్టిది. కాకపోతే అందులో రెండు డబ్బాల్లోవి కలిపితే రసాయన చర్య జరిగి గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టాక దాని మీద మళ్లీ వేసిన పూత కిందిదాంతో కలవదు, దుప్పటి మీద దుప్పటిలా పైనే ఉంటుంది. ఎక్కడైనా పెచ్చు లేచి అతుకు వేస్తే ఆ అంచు కనబడుతూనే ఉంటుంది. ఎన్‌సీ లక్కర్, అంటే నైట్రోసెల్యులోజ్ లక్కర్, అలా కాదు. అందులో జరిగేదల్లా పలచన చెయ్యడానికి కలిపిన థిన్నర్ ఎగిరిపోవడమే. ఎప్పుడో ఆరిపోయిన పూత మీద ఇవాళ కొత్త పూత వేసినా, కొత్తదానిలోని థిన్నర్ పాతదాన్ని కాస్త కరిగించి తనలో కలిపేసుకుంటుంది. మొదటిసారి గిటారు చేస్తున్నవాడికి తప్పులు తప్పవు. దిద్దుకోవడానికి వీలున్నదే కావాలి. అందుకని లక్కర్.

ఇది కొత్త సరుకేమీ కాదు. 1920లలో అమెరికాలో కార్ల మీద కొట్టింది ఇదే. అప్పటి బ్రాండు పేరు డూకో. ఇప్పటికీ మన పెయింటు షాపుల్లో 'డూకో పెయింట్' అంటుంటారు, అది అక్కడి నుంచి వచ్చిందే. గిబ్సన్ కంపెనీ ఇప్పటికీ గిటార్లకు నైట్రో లక్కరే వాడుతుంది.

లక్కర్ అనగానే మావాళ్లంతా ఏటికొప్పాక లక్క అనుకున్నారు. పేరు అక్కడి నుంచి పుట్టిందే గానీ సరుకు వేరు. లక్క అనేది ఒక పురుగు ఇచ్చేది. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ లక్క ముక్క ఆనిస్తే, ఆ రాపిడి వేడికి కరిగి బొమ్మకు పట్టుకుంటుంది. నా డబ్బాలో ఉన్నది దూది లాంటి పీచును ఆమ్లాలతో మార్చి తీసిన పదార్థం. పొగరాని తుపాకి మందుకు దగ్గరి చుట్టం. నిప్పు చూపిస్తే భగ్గుమంటుంది. డాబా మీద నేను స్ప్రే చేసినన్నాళ్లూ అమ్మ కింద నుంచి "పొయ్యి వెలిగించుకోనా, వద్దా?" అని అరుస్తూనే ఉండేది. మాస్కు కూడా ముక్కుకు కట్టుకునే గుడ్డది చాలదు, ఆవిర్లను పట్టే ఫిల్టర్లున్నది కొనుక్కోవాలి. ఆ వాసన మొదటి రోజు బాగానే ఉంటుంది. మాస్కు లేకపోతే సాయంత్రానికి తల పగిలిపోతుంది.

పనసకు గీతలు లోతు. గోరుతో తడిమితే సన్న గాట్లు తగులుతాయి. వాటిని పూడ్చకుండా లక్కర్ కొడితే పైన చారలు చారలుగా మిగులుతాయి. మేస్త్రి గారే సుద్దపొడిలో పసుపు రంగు పొడి, చిటికెడు ఎర్ర పొడి వేసి, సీలర్ (లక్కర్ కింద వేసే అడుగు పూత), థిన్నర్ పోసి ముద్దగా కలిపి ఇచ్చారు. గోనెగుడ్డతో గీతలకు అడ్డంగా రుద్దమన్నారు. గీత వెంబడి రుద్దితే పూడిందంతా ఊడి వచ్చేస్తుందట. ఆరాక 320 నంబరు గరుకు పేపరుతో తోమి, మూడు పూతలు సాండింగ్ సీలర్ కొట్టాను. ఇంతవరకు అంతా బాగానే ఉంది.

ఆగస్టులో ఒక ఆదివారం. పొద్దున్న వాన పడి వెలిసింది. స్ప్రేకు గాలి కొట్టే అరువు కంప్రెసర్ మర్నాడు తిరిగిచ్చెయ్యాలి. లక్కర్, థిన్నర్ సమపాళ్లలో కలిపి, స్ప్రే గన్ను చెక్కకు జానెడు దూరంలో పెట్టి మొదటి పూత కొట్టాను. తడి తడిగా, అద్దంలా ఉంది. ఫోను తీసి ఫొటో కూడా తీశాను. ఆ ఫొటోలో కనబడదు గానీ, పది నిమిషాల్లో అంచుల నుంచి పాలమీగడ లాంటి పొర ఒకటి మెల్లగా నడుమకు పాకింది. పనస పసుపంతా మంచు పట్టిన కిటికీ వెనకాలకు పోయినట్టయింది. గిటారు తెల్లబోయింది. నేనూ తెల్లబోయాను.

కారణం చాలా మామూలు. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు వేడి లాక్కుంటుంది. ఒంటికి స్పిరిట్ రాస్తే చల్లబడుతుంది కదా, అదే. అలా చల్లబడ్డ పూత మీద గాలిలో తడి నీటిబొట్లుగా దిగి లక్కర్ లోపలే ఇరుక్కుంటుంది. నా దగ్గర గాలిలో తేమ చూపించే చిన్న మీటరు ఉంది. ఆ రోజు అందులో 84 శాతం ఉంది. మీటరు ఉండీ చూడలేదు. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాణ్ని, ఉప్పు డబ్బాలో ఉప్పు ముద్ద కట్టిందంటే లక్కర్ కొట్టే రోజు కాదని ఆ మాత్రం తెలియాలి.

మేస్త్రి గారు చూసి నవ్వలేదు. "గీకెయ్యకండి బాబూ, అలా వదిలెయ్యండి. రిటార్డర్ కొడితే పోద్ది" అన్నారు. రిటార్డర్ అంటే మామూలు థిన్నర్‌కన్నా నిదానంగా ఆవిరయ్యేది. రెండు రోజుల తర్వాత ఎండ కాసిన మధ్యాహ్నం, థిన్నర్‌లో అది కొద్దిగా కలిపి తుంపరగా కొట్టాను. పూత మళ్లీ కాస్త మెత్తబడి, లోపలి తడి బయటికి పోయే వ్యవధి దొరికింది. తెలుపు నా కళ్ల ముందే విరిగిపోయింది. ఆ మాయ చూసి నాకు పిచ్చి ధైర్యం వచ్చి సెప్టెంబరులో ఇంకోసారి ప్రయత్నించాను. మళ్లీ తెల్లబోయింది. రిటార్డర్ ఎక్కువ పోస్తే ఆరడం వారాలకు వెళ్తుంది, పూత కారిపోతుంది కూడా. చివరికి గిటారును పాత పంచెలో చుట్టి బీరువా పైన పెట్టేసి, సంక్రాంతి దాకా ముట్టుకోనని ఒట్టు పెట్టుకున్నాను.

జనవరిలో పదకొండు దాటాక మీటరు 60 కిందకు దిగేది. పదకొండు నుంచి మూడు, అదే నా ముహూర్తం. పూతకు పూతకు గంటన్నర తేడాతో రోజుకు మూడు, నాలుగు రోజుల్లో పన్నెండు పూతలు. పలచగా కొట్టాలి. ఒకేసారి మందంగా కొడితే పైన పొర కట్టి లోపల థిన్నర్ చిక్కుకుపోతుంది.

మూడో రోజు ఒక దోమ వచ్చి సరిగ్గా తీగలు ఆనే బ్రిడ్జి వచ్చే చోటు పక్కన వాలింది. వాలి, ఇక లేవలేదు. చెయ్యి దురద పుట్టింది, తీసేద్దామా అని. తడి పూతలో వేలు పెడితే దోమకు బదులు వేలిముద్ర మిగులుతుంది. ఆరనిచ్చి, మర్నాడు సన్న పేపరుతో గీకితే దోమ పోయింది. ఒక కాలు మాత్రం లోపలే ఉండిపోయింది. దాని మీద ఇంకో మూడు పూతలు పడ్డాయి.

తర్వాత నాలుగు వారాలు ఊరకే ఉండాలి. ఇది అన్నిటికన్నా కష్టమైన పని. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే థిన్నర్ వాసన. ఆ వాసన పోయేదాకా పూత కుంచించుకుంటూనే ఉంటుంది, పూడ్చాననుకున్న గాట్లు కొన్ని మళ్లీ పైకి తేలతాయి. తొందరపడి మొదటి వారంలోనే నున్నగా తోమేస్తే నెల తిరిగేసరికి చారలు వస్తాయి. ఇది నేను చెడగొట్టుకుని నేర్చుకోలేదు, మేస్త్రి గారు బల్ల ఒకటి చూపించి భయపెట్టారు.

ఫిబ్రవరిలో తోముడు మొదలుపెట్టాను. వాటర్ పేపరు, అంటే తడిపి తోమే గరుకు పేపరు, నీళ్లలో రెండు చుక్కల సబ్బు. నంబరు పెరిగేకొద్దీ పేపరు సన్నబడుతుంది: 800, 1000, 1500, 2000. చదునుగా ఉన్నచోట చెక్క దిమ్మకు పేపరు చుట్టి తోమాలి. గుంటల్లో ఇంకా లక్కర్ మెరుస్తూ కనబడితే అక్కడికి పేపరు చేరలేదన్నమాట. మొత్తం బూడిద రంగుకు తిరిగాక ఆపాలి. నేను ఆపలేదు. మోచెయ్యి ఆనే అంచు దగ్గర ఇంకొక్క రుద్దు అనుకున్నాను. అంచుల్లో పూత ఎప్పుడూ పలచన, పేపరు దాన్ని కోసేసి చెక్క దాకా వెళ్లింది. తడి తగిలి ఆ రూపాయి బిళ్లంత మేర నల్లబడింది. ఒక రోజు ఆరబెట్టి, చుట్టుపక్కల మెత్తగా గీకి, బ్రష్షుతో నాలుగు పూతలు పెట్టుకుని, మళ్లీ మూడు వారాలు ఆగాను. లక్కర్ కాకపోయుంటే ఆ రోజు మొత్తం గీకి మొదటి నుంచి మొదలుపెట్టాల్సింది. చివర్లో రబ్బింగ్ కాంపౌండ్, ఆ తర్వాత పాలిష్, పాత బనియను గుడ్డతో. మొదటిసారి దాంట్లో నా మొహం కనబడినప్పుడు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. అమ్మ "బాగుంది, ఇంక డాబా ఖాళీ చెయ్యి" అంది.

దసరాకు అక్కావాళ్లు వచ్చారు. మేనల్లుడికి పదకొండేళ్లు. గిటారు మెళ్లో వేసుకుని గిర్రున తిరిగాడు, బీరువా హ్యాండిల్‌కు కొట్టాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. కింది అంచున కందిబద్దంత పెచ్చు లేచిపోయి పచ్చి చెక్క కనబడుతోంది. వాడు "మావయ్యా, ఏమీ అవలేదు, ఏమీ అవలేదు" అంటూ ఆ చోటును అరచేత్తో మూసేశాడు.

పెచ్చు చుట్టూ వదులైన పొరలను బ్లేడు మొనతో తీసేశాను. చిన్న సీసాలో లక్కర్ పోసి మూత తీసి గంటసేపు ఉంచితే కాస్త చిక్కబడింది. పుల్లతో ఒక్క చుక్క గుంటలో వదలాలి, పక్కకు పొర్లకూడదు. వానాకాలం పూర్తిగా పోలేదు కాబట్టి ఈసారి ఏసీ గదిలో పెట్టాను. స్ప్రే అక్కడ చెయ్యడం ప్రాణాంతకం గానీ పుల్ల మొన మీద చుక్కకు భయం లేదు. పొద్దున్న నిండుగా కనబడ్డ చుక్క సాయంత్రానికి ఇంకిపోయి పళ్లెంలా గుంట పడేది. మళ్లీ చుక్క. పుల్ల పట్టుకునే పని మేనల్లుడికి అప్పజెప్పాను. ఉన్న నాలుగు రోజులూ వాడు హోమ్‌వర్క్‌కన్నా శ్రద్ధగా చేశాడు. మొత్తం తొమ్మిది చుక్కలు పడ్డాక చుట్టూ ఉన్న పూతకన్నా కాస్త ఉబ్బెత్తుగా నిలిచింది. అలా నిలిచాక రెండు వారాలు వదిలేశాను.

దాన్ని చదును చెయ్యడానికి షేవింగ్ బ్లేడు వాడాను. బ్లేడు రెండు చివర్లా టేపు అంటించి మధ్యలో కొంచెం అంచు మాత్రం వదలాలి. అప్పుడు టేపు పాత పూత మీద జారుతుంది, బ్లేడు ఉబ్బునే గీకుతుంది. ఒక్కో గీకుకు గాజు పొడి లాంటి తెల్లటి దుమ్ము. వేలితో తడిమితే మెట్టు తగలనంతవరకు గీకి, రబ్బరు ముక్కకు పేపరు చుట్టి 1500, 2000, ఆపైన కాంపౌండ్. కొత్తది పాతది కరిగి కలిసిపోయాయి, మధ్యలో గీత లేదు. రంగు మాత్రం కాస్త తేడా. చుట్టూ ఉన్న లక్కర్ అప్పటికే కొంచెం పసుపెక్కింది, ఈ కందిబద్ద ఇంకా తెల్లగా ఉంది. అది తెలిసినవాళ్లకే కనబడుతుంది.

సంక్రాంతికి మేనల్లుడు మళ్లీ వచ్చాడు. రాగానే గిటారు తీసుకుని కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి, తను పాడుచేసిన చోటు కోసం వెతికాడు. అంచంతా వేలితో తడిమి ఒకచోట ఆగి "ఇదేనా?" అన్నాడు. కాదు, అది మోచెయ్యి దగ్గర నేను కోసేసిన చోటు. కాసేపటికి బ్రిడ్జి పక్కన కళ్లు పెట్టి చూసి, "మావయ్యా, ఇక్కడ వెంట్రుక ఏదో ఇరుక్కుపోయింది" అన్నాడు. వెంట్రుక కాదురా, దోమ కాలు అన్నాను. నమ్మలేదు. గోరుతో గీకి చూస్తున్నాడు.