జావ పలచబడే దాకా

చిన్నప్పటి నుంచి మా కోనసీమ చర్చిలో ‘పర్ణశాలల పండుగ’ అన్న మాట వింటూనే ఉన్నాను. పర్ణశాల అంటే నా కళ్ళకు తాటాకు పాకే కనిపించేది. అసలైన దాన్ని ఒక అక్టోబరులో యెరూషలేములో చూశాను. మా అక్క అక్కడ ఒక యూదుల ఇంట్లో పెద్దాయనను చూసుకునే కేర్‌గివర్. ఆమె కోసం వెళ్ళాను, సరిగ్గా వాళ్ళ సుక్కోత్, అంటే ఈ పర్ణశాలల పండుగ రోజుల్లో.

మహనే యెహూదా బజారులో మగవాళ్ళు దబ్బపండ్లను భూతద్దం పెట్టి మచ్చ లేకుండా ఏరుకుంటున్నారు. పక్కన ఈతమట్టలు, గొంజి కొమ్మలు, నిరవంజి కొమ్మలు. లేవీయకాండంలో చదివిన పేర్లన్నీ ఒక్క వీధిలోనే. ఈ నాలుగూ నీళ్ళు లేకుండా బతకలేవు, లోకమూ అంతే, అందుకే వీటిని పట్టుకుని దేవుణ్ణి నీళ్ళ కోసం వేడుకుంటారని పెద్దాయన చెప్పారు. ఆయన హీబ్రూలో చెబుతుంటే అక్క తెలుగులో చెప్పేది.

పర్ణశాల అంటే వాళ్ళకు పందిరే, ఇంటి వెనుక పెరట్లో వేశారు. పైన ఖర్జూరపు మట్టలు. ఎండకన్నా నీడ ఎక్కువ పడాలి, అయినా రాత్రి సందుల్లోంచి చుక్కలు కనిపిస్తే మంచిది. వాన చుక్క దిగనంత మందంగా కప్పితే అది ఇల్లయిపోతుందట! ఏడు రోజులూ భోజనం అందులోనే. జబ్బుగా ఉన్నవాళ్ళకూ వాళ్ళను చూసుకునేవాళ్ళకూ మినహాయింపు ఉంది. ఓపిక ఉంది కాబట్టి ఆయన మాత్రం వీల్‌చైర్‌లో వచ్చి కూర్చున్నారు.

నాలుగో రాత్రి సూప్ తాగుతుండగా చినుకులు మొదలయ్యాయి. మే నెల తర్వాత చుక్క చూడని ఊరు. నాకు సంతోషమేసింది. అక్కకు టెన్షన్, ఆయన తడిసిపోతారని. ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. తన గిన్నెలోకే చూస్తున్నారు. వాన పెరిగింది. సూప్ మీద చుక్కలు టపటపా పడ్డాయి. అప్పుడు “పద” అన్నారు.

ఇంట్లోకి వచ్చాక విషయం చెప్పారు. పందిట్లోంచి ఎప్పుడు లేవాలో యూదుల ప్రాచీన ధర్మశాస్త్ర గ్రంథం మిష్నాలోనే ఉంది. చిక్కటి పప్పుజావ చెడిపోయేంత వాన పడాలి. పళ్ళెంలో జావ లేకపోయినా కొలత అదే. ఒకసారి లోపలికి వచ్చాక వాన ఆగినా ఆ భోజనం ఇంట్లోనే ముగించవచ్చు. మరి ఆ వానకు అర్థం? సేవకుడు యజమానికి గిన్నెలో పానీయం కలిపి ఇవ్వబోతే, ఆయన కూజాడు నీళ్ళు వాడి ముఖాన పోసినట్టు. ఈ సేవ నాకొద్దు అన్నట్టు.

నాకు గుండెల్లో కలుక్కుమంది. అంత అపురూపమైన వాన ఆ ఏడు రోజులు మాత్రం శాపానికి గుర్తు! మా నాన్న పనల మీద వాన పడ్డ రోజు గట్టున నిలబడిన తీరు గుర్తొచ్చింది.

తడుస్తూ అక్కడే కూర్చుంటే భక్తి కదా అని అడిగాను. కాదట. 16వ శతాబ్దంలో పోలండ్‌లోని క్రాకోవ్‌లో ఉన్న యూదు మతగురువు రబ్బీ మోషె ఇస్సెర్లెస్ దీన్ని స్పష్టంగా రాశారు. మినహాయింపు ఉన్నా లేవనివాడికి పుణ్యం రాదు, వాడు తెలియనివాడి కింద లెక్క. లేచేటప్పుడూ విసురుగా కాదు, తల వంచుకుని రావాలి. పెద్దాయన అలాగే వచ్చారు. నేను ఆ యాత్రలో చూసిన ప్రార్థనలన్నింటిలో అదే నాకు గొప్పగా అనిపించింది.

మర్నాడు అక్కతో సిలోయము కోనేటికి వెళ్ళాను. దేవాలయం ఉన్న కాలంలో ఈ పండుగకు అక్కడినుంచే బంగారు కూజాలో నీళ్ళు తెచ్చి బలిపీఠం మీద పోసేవాళ్ళు. ఏడాది నీళ్ళకు తీర్పు జరిగేది ఈ పండుగలోనే అని నమ్మకం. అయినా వానను పేరెత్తి తలుచుకునే ప్రార్థన పండుగ చివర, షెమిని అత్సెరెత్ అనే ఎనిమిదో రోజునే. ‘వాన ఇవ్వు’ అని అడగడం ఇంకా పదిహేను రోజుల తర్వాత, యూదుల హెష్వాన్ నెల 7న. యాత్రకు వచ్చినవాళ్ళలో అందరికన్నా దూరం వాడు యూఫ్రటీసు నది చేరుకునేదాకా ఆగాలి, వాడు దారిలో తడవకూడదు. ఎప్పుడో చేసిన ఈ నియమాన్ని ఇశ్రాయేలులో ఇప్పటికీ పాటిస్తున్నారు.

నేను ఇంటికి వచ్చిన వారానికి అక్క ఫోన్ చేసింది. “ఒరేయ్, ఈ రాత్రి నుంచే వాన అడుగుతారట. మీ తమ్ముడు ఇల్లు చేరాడా అని తాతగారు రెండుసార్లు అడిగారు.”

చేరానని చెప్పమన్నాను.