జెర్రిపోతు రక్తం, మా కౌంటర్ మిషన్

పద్నాలుగేళ్లుగా మిర్యాలగూడలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రోజూ చూసేది మనుషుల రక్తమే. మొన్న డిసెంబర్‌లో, వరి కోతలప్పుడు, తెలిసిన పశువుల డాక్టర్ మేడం ఒక ట్యూబ్ తెచ్చారు. కోత మిషన్ తగిలి గాయపడ్డ జెర్రిపోతు రక్తం అది. అటవీ శాఖ వాళ్లు దాన్ని ఆమెకు అప్పగించారట. గాయానికి చీము పట్టింది, ఒళ్లు దాన్ని ఎలా తట్టుకుంటోందో తెలియాలి అన్నారు.

ట్యూబ్ మూత ఆకుపచ్చది. "సీబీపీకి, అంటే రక్తకణాల లెక్కకు, ఊదా మూత కదా మేడం?" అన్నాను.

"అందులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే మందు ఉంటుంది తమ్ముడూ. తాబేళ్ల రక్తకణాలు దానికి పగిలిపోతాయి. అందుకే నేను అన్నిటికీ ఈ ఆకుపచ్చ మూతదే, గడ్డకట్టనివ్వని ఇంకో మందు హెపారిన్ ఉన్నదే వాడతా."

అలవాటు కొద్దీ కణాలు లెక్కించే కౌంటర్ మిషన్‌లో పెట్టాను. తెల్లకణాల లెక్క నమ్మలేనంత వచ్చింది. మిషన్ ఎర్రకణాలను కరిగించి, మిగిలినవాటిని తెల్లకణాలుగా లెక్కిస్తుంది. మన ఎర్రకణంలో లేని కేంద్రకం పాము ఎర్రకణంలో ఉంటుంది. అది కరగదు, లెక్కలో చేరిపోతుంది.

ఇక స్లైడే దిక్కు. లీష్‌మన్ రంగు వేసి చూస్తే ఎర్రకణాలు కోలగా, ఈతపండులో గింజలా నడుమ కేంద్రకంతో కనిపించాయి. మనకు క్రిములతో పోరాడే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఎలాగో వీటికి హెటెరోఫిల్స్ అలాగ, ఇటుక రంగు రేణువులతో. వంద తెల్లకణాలు లెక్కపెట్టి, వాటిలో ఇంకో రకమైన లింఫోసైట్లే ఎక్కువని మేడంకు ఫోన్‌లో చెప్పాను. గుంపులుగా ఉన్నవి త్రాంబోసైట్లేమో చూడమన్నారు; అవి రక్తం గడ్డకట్టించే కణాలు, చూడటానికి లింఫోసైట్లలాగే ఉంటాయి. నిజమే. మళ్లీ మొదటి నుంచి లెక్కపెడితే హెటెరోఫిల్స్‌దే పైచేయి. ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. ఆ తప్పు రిపోర్ట్‌లోకి వెళ్లి ఉంటే?

పరిశోధన ల్యాబుల్లో ప్లాస్మాలో, అంటే కణాలు తీసేసిన రక్తద్రవంలో, ఈ.కోలై అనే బ్యాక్టీరియాను కలిపి ప్లేటు మీద పెంచుతారట. ప్లాస్మా లేని ప్లేటుతో పోలిస్తే కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపులు, ఎంత తగ్గాయో చూస్తారు. కణాల సంఖ్య కాదు, రక్తం క్రిమిని నిజంగా చంపుతోందా అన్నదే చూడటం. మా దగ్గర ఆ సౌకర్యం లేదు, ఉంటే బాగుండేదని గట్టిగా అనిపించింది.

మేడం ఇంకోటి అడిగారు: రిపోర్ట్‌లో పాము ఉన్న గది వేడి కూడా రాయమని. పాము ఒంటి వేడి బయటి వేడిని బట్టే ఉంటుంది, చలిలో దాని రోగనిరోధక శక్తి మందగిస్తుంది. డిసెంబర్ రాత్రి లెక్కను, బల్బు పెట్టి వెచ్చబరిచాక వచ్చే లెక్కను ఒకే గాటన కట్టకూడదు. రెండో శాంపిల్ వచ్చినప్పుడు రెండు స్లైడ్ల లెక్కల పక్కనా అప్పటి గది వేడి రాసి పంపాను.

పశువుల డాక్టర్లకు ఒక్క మనవి: హెపారిన్ కలిసిన రక్తంతో వేసిన స్లైడ్ నీలంగా మసకబారుతుంది. సూది నుంచి వచ్చిన తాజా చుక్కతో అక్కడే స్లైడ్ గీసి, ఆరబెట్టి పంపండి.