రొయ్యల చెరువు రిజిస్ట్రేషన్: నా అనుభవంలో ఫైలు ఎక్కడ ఆగుతుందంటే

ఉప్పునీటి రొయ్యల చెరువుకు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ 2005 చట్టం నుంచి తప్పనిసరి. గడువు 5 ఏళ్లు. ఫైలు ఆగేది చెరువు దగ్గర కాదు, కాగితాల దగ్గర. నాది వెనక్కొచ్చింది ఒక్క అక్షరానికి: అడంగల్‌లో 112/2ఏ, కౌలు పత్రంలో ఉత్త 112/2. ముందు సర్వేయరుతో గట్లు కొలిపించి, ఆ స్కెచ్ ఎదురుగా పెట్టుకుని ఫారం నింపడం మేలు. మొత్తం భూమి వేరు, నీరు నిలిచే విస్తీర్ణం వేరు. గట్లు, కాలువలు, పంపు షెడ్డు రెండోదాంట్లోకి రావు. ఈ విస్తీర్ణం 2 హెక్టార్లు, అంటే దాదాపు 5 ఎకరాలు దాటితే విచారణ లోతుగా ఉంటుంది. అన్నీ కలిపి రాసేసి ఊరికే ఆ గీత దాటేవాళ్లున్నారు. సముద్రపు పోటు గీతకు (పోటు నీరు వచ్చే హద్దుకు) దగ్గరగా, నిషేధించిన మేరలోపు చెరువైతే దరఖాస్తే దండగ.

వనామీ రకం రొయ్యకు షరతులు ఇంకా ఉన్నాయి. చదరపు మీటరుకు 60 రొయ్య పిల్లలు మించకూడదు, ఎకరానికి లెక్కేస్తే 2.4 లక్షలు. చెరువు ఎంత చిన్నదైనా వాడిన నీటిని శుద్ధి చేసే ఏర్పాటు ఉండాలి. చాలామంది దాన్ని తనిఖీ రోజున చూపించే గుంతగానే ఉంచుతారు. పట్టుబడి రోజు, అంటే రొయ్యలు పట్టే రోజు, అడుగున మిగిలే చివరి జానెడు నీళ్లలోనే మిగులు మేత, రెట్ట, బురద ఎక్కువ. కనీసం ఆ నీళ్లన్నా గుంతకు మళ్లించి తేరనిచ్చి వదలాలి. వైట్ స్పాట్ (రొయ్యలకు వచ్చే వైరస్ జబ్బు) తగిలిన చెరువైతే క్లోరిన్ కొట్టకుండా తూము ఎత్తనే కూడదు.

రిజిస్ట్రేషన్ ఎవరి చెరువుకు వారికి. నీళ్లు వదిలే, తోడుకునే కాలువ, అదే డ్రెయిన్, మాత్రం అందరికీ ఒకటే. నాకు వెలితి కనిపించేది ఇక్కడే. శ్రీలంకలో చిలావ్, పుత్తళం వైపు డచ్ కాలువ నుంచే నీళ్లు తోడేవారు, మళ్లీ అందులోకే వదిలేవారు. 1996లో వైట్ స్పాట్ అక్కడి సాగును కుదేలు చేసింది. తర్వాత ఆ ప్రాంతాన్ని జోన్లుగా విడగొట్టి, ఏ జోనులో ఎప్పుడు పిల్ల వేయాలో క్యాలెండర్ పెట్టారు. మన దగ్గర అయితే ఒకే డ్రెయిన్ మీది రైతులు మాటనుకోవాల్సిందే: ఎగువన చెరువు ఖాళీ చేస్తుంటే దిగువన మోటారు కట్టేయాలి.

సర్టిఫికెట్ వచ్చాక హ్యాచరీ (పిల్లల ఉత్పత్తి కేంద్రం) బిల్లు, పిల్లల పీసీఆర్ (వైరస్ పరీక్ష) రిపోర్టు అదే కవర్లో దాచండి. యూరప్ సరుకైతే పట్టుబడికి ముందు యాంటీబయోటిక్ పరీక్ష ఉంటుంది. ఆ ఫారంలో రాసే చెరువు వివరాలూ వీటితో కలవాలి.