కల్వర్టు మీద కూర్చుని కల్వర్టునే మర్చిపోయాను

నిన్న నా థీసిస్ వైవా అయింది. రెండోసారి. మొదటిసారి ఏం జరిగిందో కడుపుమంట చల్లారకముందే రాసేస్తున్నాను.

నా ప్రశ్న చెప్పడానికి తేలికే. ఉష్ణమండల అడవుల్లో నాలుగంగల్లో దాటేసే చిన్న వాగుల్లో, ఒకచోట ఎక్కువ రకాల చేపలు, ఇంకోచోట తక్కువ రకాలు ఎందుకుంటాయి? అనుమతి కోసం తిరిగిన నెలల గురించి రాయను. దరఖాస్తు మూడు కాపీలు తీసి పెట్టుకోండి, రెండు ఆ ఆఫీసువాళ్లే పోగొడతారు. వలలు వేయడం, లోతు కొలవడం, కొమ్మల నీడ ఎంతుందో చూడడం, ఇవన్నీ ఒళ్లునొప్పులతో గడిచిపోయాయి. పొలుసులూ రెక్కల్లో ఈనెల్లా ఉండే కిరణాలూ లెక్కపెట్టి చేపను గుర్తుపట్టడంలో మా ల్యాబ్‌లో నన్ను మించినవాళ్లు లేరు. గొప్పకి చెప్పడం లేదు. సరే, కొంచెం గొప్పకే.

ఫలితాలు చాలావరకు అనుకున్నట్టే వచ్చాయి. వాగు కిందికి పోయేకొద్దీ మడుగులు లోతెక్కుతాయి, కొత్త రకాలు చేరతాయి. రాళ్లు, ఇసుక, పడిపోయిన దుంగలు, ఆకుల మేట అన్నీ ఉన్నచోట రకాలు ఎక్కువ. గోర్మన్, కార్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లోనే ఇండియానా, పనామా వాగుల్లో ఇలాంటిదే చూపించారు.

ఒకే ఒక్క వాగు మొండికేసింది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు చోట్లు. వెడల్పు, లోతు, నీడ, రాళ్లు అన్నీ ఒకేలా ఉన్నాయి. కింద 11 రకాలు దొరికితే పైన 4. నేను ఆక్సిజన్ కథ అల్లాను. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకి ఏడున్నరే. పైన నీళ్లు వెచ్చగా ఉన్నాయి కాబట్టి చేపలు తక్కువ అన్నాను. మా గైడ్ సార్ చదవకుండానే తలూపారు. ఆయన తలూపితే నమ్మకండి.

ఆ మొదటి వైవాలో ప్రశ్నలడగడానికి వచ్చిన ఒక మేడం నా స్లైడ్లన్నీ ఓపిగ్గా విన్నారు. "పై చోట నీళ్ల వేడి ఎన్ని గంటలకు కొలిచావు?" అన్నారు. మధ్యాహ్నం. "కింద?" పొద్దున. గదిలో ఎవరో దగ్గారు. తర్వాత మొదటి స్లైడ్‌కి వెళ్లమన్నారు. అందులో నేను కాళ్లు వేలాడేసుకుని నవ్వుతున్న ఫొటో.

"నువ్వు కూర్చున్నది దేనిమీద?"

కల్వర్టు మీద. రెండు చోట్లకీ మధ్యనున్న కల్వర్టు. రోజూ బ్యాగు పెట్టుకున్నది అక్కడే. దాని గొట్టంలోంచి నీళ్లు మోకాలెత్తు నుంచి కింద మడుగులోకి పడుతున్నాయి, ఫొటోలో స్పష్టంగా. నా డేటా షీటులో మాత్రం ఆ ఎత్తు రాసే గడే లేదు.

"పైన దొరికిన నాలుగూ ఏ రకాలు?" రెక్కలతో రాళ్లకు అతుక్కునేవి రెండు, అడుగునే పాకే చిన్న చేప ఒకటి, గాలి పీల్చుకుంటూ తడినేల మీదైనా పాకిపోయే కొరమీను జాతిది ఒకటి. నీటి మధ్యలో ఈదే చేప ఒక్కటీ లేదు. నా నోటితో నేనే జవాబు చెప్పేశాను, చెబుతున్నట్టు తెలియకుండా!

ఆవిడ చెప్పింది చాలా మామూలు విషయం. ఎండాకాలంలో పై వాగు ఎండిపోవచ్చు, వరద ఊడ్చేయొచ్చు. అప్పుడు పోయిన రకాలు కిందనుంచి మళ్లీ ఎక్కివస్తాయి. గొట్టం నోరు గాల్లో వేలాడుతుంటే ఏది ఎక్కుతుంది? నీళ్లు ఎంత బాగున్నా వచ్చే దారి లేదు.

మళ్లీ అడవికి వెళ్లాను. ప్రతి రోడ్డు దాటే చోటా గొట్టం నుంచి మడుగు దాకా ఎత్తు కొలిచాను, రెండు వైపులా ఒకే పూట వల వేశాను. నిన్న ఆ మేడమే మొదట సంతకం పెట్టారు. ఫొటో తీసేయలేదు, అదే మొదటి స్లైడ్. గైడ్ సార్ మాత్రం "నేను అప్పుడే అనుకున్నాను" అన్నారు.