ట్రిగ్గర్ కంటే ముందు హాపర్ మార్చండి

మా బావమరిదీ నేనూ ఆదివారాలు డాలస్ దగ్గర ఒక ఫీల్డులో పెయింట్‌బాల్ ఆడతాం, అంటే రంగు నింపిన బంతుల్ని గ్యాసు తుపాకులతో ఒకరి మీద ఒకరు పేల్చుకునే ఆట. నా మార్కర్ (ఈ ఆటలో తుపాకీని అలాగే అంటారు) సెకండ్ హ్యాండ్‌లో కొన్న టిప్‌మన్ 98 కస్టమ్. ఎంత మట్టిలో దొర్లినా మొరాయించదు. కానీ అవతలివాళ్ళు ఎలక్ట్రానిక్ మార్కర్లతో టకటకా కొడుతుంటే బంకర్ (దాక్కునే అడ్డు) వెనక నుంచి తల ఎత్తలేకపోయేవాణ్ని. అందుకే రెస్పాన్స్ ట్రిగ్గర్ కిట్ తెప్పించాను.

దీనికి బ్యాటరీ అక్కర్లేదు. పేల్చిన ప్రతిసారీ మిగిలే గ్యాసు కొంత ఒక బుల్లి సిలిండర్‌లోకి వెళ్ళి ట్రిగ్గర్‌ను మళ్ళీ ముందుకు తోస్తుంది. వేలి బిగువు కుదిరితే చాలు, ట్రిగ్గర్ దానంతటదే ఆడుతుంది. గ్యాసు ట్యాంకు తీసి, లోపల మిగిలిన గ్యాసు కూడా వదిలేశాక, డైనింగ్ టేబుల్ మీద తెల్ల తువ్వాలు పరిచి మార్కర్‌ను రెండు చెక్కలుగా విప్పాను. విప్పగానే ఫోటో తీసుకోండి. ఏ స్ప్రింగు ఎటు తిరిగి ఉందో తర్వాత గుర్తుండదు.

మొదటి ఆటలో పట్టుమని పది బంతులు కొట్టానో లేదో, "చప్" మంది. ఆ తర్వాతి బంతులన్నీ వంకరగా పోయాయి. బ్యారెల్ ఊడదీస్తే లోపలంతా నారింజ రంగు జిగట, దానికి అంటుకుని జెలటిన్ తొక్కలు. మా వాడు ఒక్క చూపు చూసి, "బావా, ట్రిగ్గర్‌ది కాదు తప్పు, హాపర్ చూడు" అన్నాడు.

నిజమే. హాపర్ అంటే మార్కర్ పైన బంతులు పోసే డబ్బా. నాది మామూలుది, బంతులు వాటి బరువుకి అవే జారాలి. సెకనుకు ఏడెనిమిది దిగితే గొప్ప. ట్రిగ్గర్ అంతకంటే జోరుగా ఆడితే, బంతి పూర్తిగా దిగకముందే బోల్టు (బంతిని బ్యారెల్‌లోకి తోసే భాగం) వచ్చి కోసేస్తుంది. బంతుల్ని కలియబెట్టే బ్యాటరీ హాపర్ పెట్టాక ఆ బెడద పోయింది.

చలికాలంలో ఇంకో తంటా. వరసగా కొడితే సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) ట్యాంకు మంచు పట్టి, ప్రెషర్ పడిపోతుంది. కంప్రెస్డ్ ఎయిర్ ట్యాంకుకి మారాను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. సెకనుకు ఎన్ని బంతులన్నది వేరు, బంతి ఎంత వేగంగా పోతుందన్నది వేరు. మా ఫీల్డులో సెకనుకు 280 అడుగులు దాటనివ్వరు. ఏ భాగం మార్చినా క్రోనోగ్రాఫ్ (బంతి వేగం కొలిచే పరికరం) మీద చూసుకోకుండా ఆటలోకి దిగకండి. ఎదురుగా ఉన్నది మన స్నేహితులే. ఈ కిట్‌ను అన్ని ఫీల్డులూ ఒప్పుకోవు కూడా, కొనేముందు అడగండి.

మా బావమరిదికీ ఇప్పుడు ఆశ పుట్టింది. ఈ వారం వాడి మార్కర్‌కి హాపర్ ఒక్కటే కొన్నాం.