మూడో సీడీ దగ్గర ఆగిపోయింది

సీడీలు మారుస్తూ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకున్న వాళ్లకే తెలుస్తుంది ఆ టెన్షన్. విండోస్ 95 ఫ్లాపీల సెట్‌లో 13 ఫ్లాపీలు ఉండేవి. 2005లో వచ్చిన డెబియన్ 3.1 అనే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తి సెట్ అయితే 14 సీడీలు. అన్నీ అవసరం ఉండవు, నిజమే. కానీ ఏ ప్యాకేజీ ఏ సీడీలో ఉందో మనకేం తెలుసు?

కడపలో మా ఇంట్లో లైనక్స్ ఎక్కించిన ఎండాకాలం బాగా గుర్తుంది. సీడీలు ఏడు రోడ్ల దగ్గర ఒక నెట్ సెంటర్‌లో రాయించుకొచ్చాను. మొదటి రెండూ సాఫీగా పోయాయి. మూడోదాంట్లో ఏదో ఒక ఫైల్ దగ్గర డ్రైవ్ గరగరమని ఆగిపోయింది. స్క్రీన్ మీద రెండే దారులు: మళ్లీ ప్రయత్నించు, లేదంటే రీబూట్ చెయ్యి, అంతే. ఆ ఒక్క ఫైల్ వదిలేసి ముందుకు పోయే దారే లేదు. అప్పటికే హార్డ్ డిస్క్ ఫార్మాట్ అయిపోయింది. పాతదీ లేదు, కొత్తదీ రాలేదు.

నాకు ఇప్పటికీ కోపం వచ్చేది ఇక్కడే. ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్ సీడీలన్నీ చదవగలనా లేదా అని చూసుకున్నాకే కదా హార్డ్ డిస్క్ మీద చెయ్యి వేయాలి! డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌కి ఎండీ5 (ఫైల్ చెడిపోకుండా వచ్చిందో లేదో పోల్చి చూసుకునే కోడ్) సరిపోయినంత మాత్రాన రాసిన సీడీ బాగున్నట్టు కాదు. చిన్న గీత చాలు. రాసిన సీడీని తనిఖీ చేసుకునే వీలు కొన్ని లైనక్స్‌లలో ఉండేది, కానీ 700 ఎంబీ సీడీలు ఒక్కొక్కటే చదివించేలోపు మా వీధిలో కరెంటు పోయేది, ఇంట్లో యూపీఎస్ లేదు.

చివరికి ఆ సీడీ ఒక్కటి తక్కువ స్పీడ్‌లో మళ్లీ రాయించి, అంతా మొదటి నుంచి చేశాను. లాగిన్ స్క్రీన్ రాగానే ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.