చెన్నైలో కోరిస్ రాస్ పెంపకం: నా అనుభవం

ఉప్పునీటి ట్యాంకు పెట్టేవాళ్లలో చాలామంది క్లౌన్ చేపల దగ్గరే ఆగిపోతారు. నా కన్ను మాత్రం మొదటినుంచీ కోరిస్ రాస్ అనే సముద్రపు చేప మీదే. పిల్లగా ఉన్నప్పుడు దాని అందమే వేరు. నిప్పురంగు ఒంటి మీద నల్ల అంచున్న తెల్లమచ్చలు. పెరిగాక ఇదే ఆ చేపంటే ఎవరూ నమ్మరు: ఒళ్లంతా నీలిచుక్కలు, పసుపు తోక, ముఖాన ఆకుపచ్చ చారలు. సముద్రంలో 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. కొళత్తూరులో నాకు చేపలిచ్చే కుర్రాడిది నెల్లూరు. "ఆరడుగుల ట్యాంకు లేకపోతే దీని జోలికి పోవద్దన్నా" అని ముందే చెప్పాడు.

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే దాదాపు 680 లీటర్లు. ఇంత బరువు కాబట్టి హాల్లో బీము ఉన్న వైపు గోడకు ఆనించి పెట్టించాను. బోరు నీళ్లు పనికిరావు. ఆర్ఓ నీళ్లలో లీటరుకు 35 గ్రాముల లెక్కన సముద్రపు ఉప్పు కలపాలి. ఆవిరై తగ్గిన నీటికి బదులు మాత్రం ఉప్పు లేని ఆర్ఓ నీళ్లే పోయాలి, ఉప్పు ఎక్కడికీ పోదు కదా. మన ఎండలకు నీళ్లను చల్లబరిచే చిల్లర్ తప్పదు, 26 డిగ్రీల దగ్గర పెట్టాను. కరెంటు బిల్లు సంగతి అడక్కండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, అందుకని పగడపు రాళ్లకు బదులు సెరామిక్ రాళ్లే వాడాను.

ఈ చేపకు అన్నిటికన్నా ముఖ్యం ఇసుక. రాత్రి ఇసుకలో దూరి పడుకుంటుంది, భయం వేసినా అందులోకే. నాలుగంగుళాల మందాన మెత్తటిది పోయాలి. గరుకుగా ఉంటే ఒళ్లు గీరుకుపోతుంది. రాళ్లను ఇసుక మీద పేర్చకూడదు. ముందు అడుగున రాళ్లు కదలకుండా నిలబెట్టి, ఆ తర్వాత చుట్టూ ఇసుక పోయాలి. లేకపోతే కింద తవ్వేస్తుంది, రాయి దాని మీదే కూలుతుంది.

నీళ్లలో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చాకే చేపను తెచ్చాను. లైట్లు ఆర్పి, సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు కలిపి వదిలాను. వదిలీ వదలగానే తల కిందికి పెట్టి ఒక్క దూకు. ఇసుక కాస్త రేగింది, అంతే, చేప మాయం.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. నెల్లూరు నుంచి వచ్చిన అమ్మ రోజూ పొద్దున్నే అద్దం దగ్గర నిలబడి, "డబ్బులిచ్చి ఇసుక కొన్నావేమో చూసుకో నాయనా" అనేది. టెన్షన్ నాకూ ఉంది, కానీ తవ్వి చూడకూడదు. కొత్తచోటికి వచ్చిన కోరిస్ కొన్ని రోజులు ఇలాగే దాక్కుంటుంది, దాని పగలూ రాత్రీ ఇంకా పాత చోటి లెక్కలోనే ఉంటాయి. చచ్చిపోయి ఉంటే అమ్మోనియా పెరిగే అవకాశం ఉంది కాబట్టి టెస్టు కిట్‌తో చూస్తూ ఊరుకున్నాను. చివరికి ఒక మధ్యాహ్నం రాళ్ల పక్కన ఇసుకలోంచి ముక్కు, ఆ పైన అటూ ఇటూ తిరిగే రెండు కళ్లు. ముందు కనిపెట్టింది అమ్మే.

తిండికి పేచీ లేదు. రొయ్య ముక్కలు, ఆల్చిప్పల మాంసం సన్నగా తరిగి రోజుకు రెండు మూడు సార్లు కొద్దికొద్దిగా వేస్తాను. చూడాల్సింది అది నత్తను తినడం. ముందుకు పొడుచుకొచ్చిన పళ్లతో నత్తను పట్టి, రాయి దగ్గరకు తీసుకుపోయి, తల అటూ ఇటూ విదిలిస్తూ చిప్పను రాయికేసి కొడుతుంది. టక్ టక్‌మన్న చప్పుడు అద్దం బయటికి వినిపిస్తుంది. ట్యాంకును శుభ్రం చేస్తాయని వేసిన నత్తలు, సన్యాసి పీతలు అన్నీ ఇలాగే అయిపోయాయి. రొయ్యలూ పీతలూ ఇష్టపడేవాళ్లు దీన్ని తేవద్దు. ఇంకోటి, ఇది ఎగిరి దూకే రకం. పైన సన్నటి వల బిగించాల్సిందే, పైపులు దిగే సందుల దగ్గర కూడా.

ఇప్పుడు తెల్లమచ్చలు మాసిపోతున్నాయి, తోక దగ్గర పసుపు మొదలైంది. అరచేయంత అయింది. ఇంకా పెరిగితే ఏం చేస్తావని మా ఆవిడ అడుగుతోంది. ఎనిమిదడుగుల ట్యాంకు ధర కనుక్కున్నానని ఇంకా చెప్పలేదు.